పదుగురిలో ఒకడు
(సహకార సంఘ సభ్యులకు ఒక పాఠము)



మన పెద్దలు రెండు సామెతలు చెప్పిపోయిరి. "పోరు నష్టము, పొందు లాభము" అనునది ఒకటి. "ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె" అనునది రెండవది. మొదటిది కలిసియుండుమనును. రెండవది కలిసినచో చెడుదురనును. ఈ రెండును ఒకే రచ్చబండమీద పుట్టిన మాటలే. సంఘము పెట్టు దినమున మొదటి దానిని, సంఘము మూతపడు దినమున రెండవ దానిని చెప్పుకొనుట మనకు అలవాటు.

వీనిలో ఏది నిజము? రెండును నిజమేయని మా యనుభవము. విడివిడిగా చూచినచో కష్టపడువారును, తెలివిగలవారును, న్యాయము నెఱిగినవారును అయిన మనుష్యులే ఒకచోట గుమిగూడినప్పుడు వారి నడతలో కొన్ని మార్పులు వచ్చును. ఆ మార్పులు దుర్మార్గమువలన వచ్చునవి కావు. గుంపులో ఉండుటవలననే వచ్చునవి. నేల స్వభావము నెఱుగక విత్తువాడు ఎట్లు నష్టపడునో, మనుష్యుల యీ స్వభావము నెఱుగక సంఘమును నడుపువాడును అట్లే నష్టపడును. నూఱు సంవత్సరములకు పైగా అనేక దేశముల పండితులు ఈ విషయమున పరీక్షలు చేసియున్నారు. వానిలో మన పనికి వచ్చు కొన్నింటిని ఈ పాఠమున వివరించెదము.

1. త్రాడు లాగినవారి లెక్క

ఫ్రాన్సు దేశమున మాక్స్ రింగెల్మాన్ అను వ్యవసాయ యంత్ర శాస్త్రజ్ఞుడుండెను. మనుష్యులును, పశువులును, యంత్రములును ఎంతెంత బరువు లాగగలవో తెలిసికొనుట ఆయన పని. 1880 తరువాతి యేండ్లలో ఆయన మనుష్యులచేత త్రాడు లాగించి, త్రాటి కొసను బలము కొలుచు యంత్రమునకు కట్టి, లెక్కలు వ్రాసికొనెను. వానిని 1913లో ప్రకటించెను.

ఒక్కడే లాగినప్పుడు సగటున 85 కిలోగ్రాముల బలము కనబడెను. ఏడుగురు కలిసి లాగినప్పుడు తలకు 65 కిలోగ్రాములే వచ్చెను. పదునలుగురు లాగినప్పుడు తలకు 61 కిలోగ్రాములు. లెక్క వేసి చూడుడు. ఏడుగురి బలమును విడివిడిగా కూడినచో 595 కావలెను. కలిసి లాగగా వచ్చినది 455. అనగా ఏడుగురు నిలిచినచోట అయిదుగురి పనికంటె కొంచెము మాత్రమే ఎక్కువ జరిగినది. పదునలుగురు నిలిచినచోట పదుగురి పనియే జరిగినది. తక్కిన నలుగురు త్రాడు పట్టుకొనియే యుండిరి గాని వారి బలము యంత్రమునకు చేరలేదు.

దీనికి రెండు కారణములు కలవు. అందఱును ఒక్క క్షణముననే దమ్ము బిగించి లాగలేకపోవుట మొదటిది. బరువులెత్తువారు "హైలెస్సా" యని యేకకంఠముగా కేకవేయుట ఈ లోపమును దిద్దుకొనుటకే. రెండవ కారణము మనస్సుకు సంబంధించినది. 1974లో అమెరికా పండితులు కొందఱు ఒక మనిషికి కండ్లకు గంతకట్టి త్రాడు చేతికిచ్చి, నీ వెనుక మఱికొందఱు లాగుచున్నారని చెప్పిరి. నిజమునకు వెనుక ఎవరును లాగుటలేదు. అయినను, ఒంటరిగా లాగుచున్నానని యెఱిగినప్పటికంటె ఆ మనిషి బలము తగ్గెను. పదిమంది ఉన్నారను తలంపే చేతిని సడలించినది. ఇది కావలెనని చేసిన మోసము కాదు. తాను సడలించితినని ఆ మనిషికే తెలియకపోవచ్చును.

మందు కూడ దొరికినది. 1981లో ప్రకటింపబడిన పరీక్షలలో కొందఱిని గుంపుగా నిలిపి గట్టిగా కేకలు వేయుమనిరి. ఎవరి కేక ఎంతయో తెలియనప్పుడు గొంతులు తగ్గెను. ఎవరి కేకను వారికే కొలుచుచున్నామని చెప్పగానే ఆ తగ్గుదల పోయెను.

మేము ఈ పరీక్షలను చదువుటకు చాలకాలము ముందే ఈ నిజమును ఒక తోటలో చూచితిమి. మేము చదివిన మిషను పాఠశాలలో ప్రతి బాలునికిని ఒక మడి యుండెను. మడిగట్టున పేరు వ్రాసిన పలక యుండెను. గోడప్రక్కనున్న అరటితోట మాత్రము అందఱిది. దానికి నీరు పోయుట అందఱి పని. మా మళ్లలో గడ్డిపరక కనబడెడిది కాదు. అరటితోట వేసవి ముదురకముందే వాడిపోయెడిది. మా ఉపాధ్యాయుడు ఎవరిని తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క బాలుని పేరు వ్రాసిన చీటి కట్టించెను. ఆ యేడు గెలలు పడెను. బాలురు మాఱలేదు, చెట్లు మాఱలేదు. పని ఎవరిదో కనబడినది, అంతే.

కావున కాలువ పూడిక తీయుటకు ఇంటికొక మనిషి రావలెనని చాటింపు వేయించి, నలుబదిమందిని ఒక్కసారిగా కాలువలో దింపవలదు. ముందటి సాయంకాలమే పొడవు కొలచి, భూమి ననుసరించి ఒక్కొక్కరికి ఇన్ని బారలని మేకులు పాతి, మేకు మేకుకు పేరు వ్రాయుడు. భూమి ఎక్కువ గలవానికి బారలు ఎక్కువ. సాయంకాలమునకు ఎవరి మేకుల నడుమ మన్ను మిగిలియున్నదో గట్టున నడిచిపోవు బాలుడుకూడ చెప్పగలడు. అప్పుడు తగవుతో పనిలేదు.

2. తెలిసియు పలుకని నోరు

ఇక మా తప్పును మేమే చెప్పుకొనవలసిన చోటు వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన ప్రాంతమున ఒక సంఘమువారు వేరుసెనగ విత్తనములను మొత్తముగా కొని సభ్యులకు అప్పుగా ఈయ దలచిరి. సమావేశమునకు మమ్మును పిలిచిరి. వర్తకుడు పంపిన మచ్చు చేతినుండి చేతికి వచ్చెను. గింజల పొర ముడుతలుపడి రంగు మాసియుండెను. ఒక గింజను చిదిమి చూడగా నూనె కంపు కొట్టెను. మాకు సందేహము కలిగెను. కాని మాకంటె ముందు ఊరి పెద్దకాపు మచ్చు చూచి, "సరుకు బాగున్నది" అనెను. ప్రక్కవారు తలయూపిరి. వారి ప్రక్కవారును తలయూపిరి. ఇందఱు అనుభవజ్ఞులు ఒప్పుకొనినదానిని కాదనుట బాగుండదని తలచి మేమును ఊరకుంటిమి.

తొలకరికి విత్తిరి. సగము గింజలైనను మొలవలేదు. కలిగినవారు వేఱు విత్తనములు కొని మరల విత్తుకొనిరి. రెండెకరముల మెట్ట తప్ప మఱేమియు లేని ఒక వితంతువు మరల విత్తలేకపోయెను. ఆ యేడు ఆమె కొడుకు బడి మాని కూలికి పోయెను. విత్తనముల అప్పు మాత్రము ఆమె పేర నిలిచియుండెను.

ఆ తరువాత చింతచెట్టు క్రింద ఒకరి వెనుక ఒకరుగా సభ్యులు మాతో, "అయ్యా, మచ్చు చూచినప్పుడే నాకు అనుమానము తగిలినది, అందఱును బాగున్నదనిరి గదా యని ఊరకుంటిని" అనిరి. అట్లనిన వారిని లెక్కించితిమి, పదునొకండుగురు. మాతో పండ్రెండుగురము. పండ్రెండు నోళ్లలో ఒక్కటి తెఱచుకొనియున్నను, నూఱు గింజలను తడిగోనెలో చుట్టి వారము దినములు ఆగి మొలకలు లెక్కించియుండెడివారము. ధ్రువీకరింపబడిన వేరుసెనగ విత్తనమునకు నూటికి 70 మొలకలు కనీసపు మితి. ఆ సరుకు ఆ పరీక్షకు నిలిచెడిది కాదు. విత్తన పరీక్ష నేర్పుటయే వృత్తిగాగల మేమే నోరు మూసికొంటిమి. ఈ సంగతి ఇప్పటికిని మా మనస్సును బాధించుచునే యున్నది.

"నలుగురితో నారాయణ, గుంపులో గోవింద" యని మనము నవ్వుచు చెప్పుకొనునది ఎంత బలమైనదో సాలొమన్ ఆష్ అను అమెరికా పండితుడు కొలిచి చూపెను. 1951 మొదలుకొని ప్రకటింపబడిన ఆ పరీక్షలలో ఏడెనిమిదిమందిని వరుసగా కూర్చుండబెట్టి ఒక గీతను చూపి, దానికి సమానమైనది ఈ మూడు గీతలలో ఏదియని అడిగిరి. చిన్నపిల్లవాడైనను చెప్పగల ప్రశ్న. ఒంటరిగా అడిగినచో నూటికి ఒక్కటి కూడ తప్పదు. అయితే ఆ వరుసలో నిజముగా పరీక్షింపబడువాడు ఒక్కడే. తక్కినవారందఱును ముందుగా నేర్పబడి, కొన్ని సారులు ఏకముగా తప్పు చెప్పిరి. కడపట వీని వంతు వచ్చెను. అట్టి ప్రశ్నలలో నూటికి సుమారు 37 సమాధానములు గుంపు ననుసరించి తప్పెను. నూటికి 75గురు ఒక్కసారియైనను లొంగిరి.

ఈ పరీక్షలో మనకు మిక్కిలి ఉపయోగపడు భాగము ఇక ముందున్నది. ఆ వరుసలో మఱియొక్కడు నిజము చెప్పునట్లు ఏర్పాటు చేయగా తప్పులు నూటికి అయిదాఱునకు పడిపోయెను. గుంపును గెలుచుటకు మఱియొక గుంపు అక్కఱలేదు. తోడుగా ఒక్క గొంతు చాలును. నోట చెప్పక కాగితముమీద వ్రాసి ఈయవచ్చునన్నప్పుడును లొంగుట చాల తగ్గెను.

సహకార సంఘములకు ఇది ప్రాణముతో సమానమైన విషయము. మన దేశమున 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము గ్రామ సంఘములను సాధారణముగా అపరిమిత బాధ్యతపై నిలిపినది. ఒకడు అప్పు ఎగవేసినచో అందఱును భరింపవలెను. కావున పొరుగువాని సంగతి నెఱిగిన పొరుగువాడు ఊరకుండడని దాని మూలమున నున్న నమ్మకము. కాని పొరుగువానికి తెలియుట వేఱు, సభలో పలుకుట వేఱు. తెలిసినవాడు పలుకనిచోట ఎంత మంచి నిబంధనయైనను కాగితముమీదనే ఉండును.

3. వినుటకును పూనుకొనుటకును గల భేదము

మా వృత్తిలో ఉపన్యాసములెన్నో ఇచ్చితిమి. విన్నవారు బాగున్నదనుదురు, ఇంటికిపోయి ఎప్పటివలెనే చేయుదురు. దీనికి కారణము కర్ట్ లెవిన్ అను పండితుడు చూపెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో మాంసమునకు కొఱత రాగా, పశువుల గుండె, మూత్రపిండములు మొదలగు వాడుకలో లేని భాగములను వండునట్లు గృహిణులకు బోధింపవలసివచ్చెను. కొందఱికి చక్కని ఉపన్యాసమిచ్చిరి. మఱికొందఱిని కూర్చుండబెట్టి, అందులోని చిక్కులను వారిలో వారినే మాటలాడుకొననిచ్చి, కడపట చేయ దలచినవారు చేతులెత్తుడనిరి. 1943లో ప్రకటింపబడిన ఫలితమిది: ఉపన్యాసము విన్నవారిలో నూటికి 3గురు, తాము చర్చించి నిశ్చయించుకొనినవారిలో నూటికి 32గురు అంతకుముందెన్నడును వండనిదానిని వండిరి.

అదే సంవత్సరమున అయోవా రాష్ట్రపు రైతులనుగూర్చి మఱియొక పరిశోధన వెలువడెను. సంకర మొక్కజొన్న విత్తనము 1928 ప్రాంతమున వారికి వచ్చినది. విచారింపబడిన 259 మంది రైతులలో 1941 నాటికి ఇద్దఱు తప్ప అందఱును దానిని చేపట్టిరి. మొదట కబురు తెచ్చినవారు ఎక్కువగా విత్తనముల అమ్మకందార్లు. కాని విత్తుటకు మనస్సును త్రిప్పినది పొరుగు రైతుల మాట. కావున కార్యదర్శులారా, మావంటివారిని పిలిచి మాటలాడించి పంపివేయుటతో తృప్తిపడకుడు. చేసి చూచిన మీ యూరి రైతునే నిలిపి, లాభమును నష్టమును చెప్పించుడు. తరువాత ఎవరెవరు ఎన్ని సెంట్లలో చేసి చూతురో అప్పుడే వ్రాసికొనుడు.

4. కక్ష ఎట్లు పుట్టును, ఎట్లు చల్లారును

1954 వేసవిలో ముజఫర్ షరీఫ్ అను పండితుడు అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రమున 22 మంది బాలురను ఒక అడవి విడిదికి రప్పించి, రెండు జట్లుగా చేసెను. వారిలో పాత పగలు లేవు. జట్లకు పందెములు పెట్టి, గెలిచినవారికే బహుమానమనెను. కొలది దినములలోనే ఒక జట్టువారు రెండవ జట్టు జెండాను కాల్చిరి. ఒకరి బసపై ఒకరు దాడి చేసిరి. మన గ్రామములలో మూడు తరములకు పెరుగు కక్ష అక్కడ పక్షము దినములలో మొలచి కాచినది.

తరువాత ఇరుజట్లకును కలిపి భోజనములు పెట్టి, ఆటలు చూపిరి. దానివలన లాభము లేకపోయెను. ఒకరిపై ఒకరు అన్నపు ముద్దలు విసరుకొనుటకు అవకాశము దొరికినది. అప్పుడు విడిదికి వచ్చు నీటి యేర్పాటు చెడినట్లు చేసిరి. నీరు అందఱికిని కావలెను. చెడినచోటును ఒక జట్టే వెదకి కనుగొనలేదు. మఱియొక దినమున అన్నము తేవలసిన బండి కదలలేదు. బాలురు త్రాడు తెచ్చి బండికి కట్టి, రెండు జట్లును కలిసి లాగిరి. అది అంతకుముందు వారు ఒకరిపై ఒకరు పంతమునకు లాగిన త్రాడే! ఇట్టివి కొన్ని జరిగిన పిమ్మట కక్ష క్రమక్రమముగా చల్లారెను.

దీనినుండి మనము నేర్వదగినది స్పష్టము. కక్షలున్న ఊర విందులవలనను, రాజీమాటలవలనను మాత్రమే పొందు కుదరదు. ఇరుపక్షములకును అవసరమై, ఏ పక్షమునకును ఒంటరిగా సాధ్యముగాని పనిని వెదకి పట్టవలెను. అదియును ఒకసారి చేసిన చాలదు.

5. కాలువ కొసనున్న ఊళ్లు

ఇవన్నియు పరదేశపు సంగతులని తలంపవలదు. రాబర్టు వేడ్ అను పండితుడు మన కర్నూలు జిల్లాలో కాలువక్రింది గ్రామములను 30కి పైగా పరిశీలించి, 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని ఊళ్లవారు తమంతట తామే గ్రామ సభ యొకటి నడుపుకొని, ఉమ్మడి నిధి కూర్చి, అందఱి పొలములకు వంతున నీరు పాఱించుటకు మనుష్యులను, పైరును పశువులు మేయకుండుటకు కావలివాండ్రను జీతములిచ్చి పెట్టుకొనియుండిరి. మఱికొన్ని ఊళ్లలో ఇవేవియు లేవు. ఈ భేదమునకు కారణమేమి? ఏర్పాటులు చేసికొనినవారు ఎక్కువ పుణ్యాత్ములు కారు. వారి ఊళ్లు ఎక్కువగా కాలువ కొసను ఉండెను. నీరు చాలక పైరెండు భయము ఉన్నచోట కట్టుబాటు పుట్టెను. నీరు నిండుగా పాఱుచోట దానితో అవసరము తోచలేదు.

ఇట్టి ఉమ్మడి యేర్పాటులను అనేక దేశములలో పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణికి 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను. 1990లో వెలువడిన గ్రంథమున ఆమె చెప్పిన వానిలో రెండు ముఖ్యము. చిరకాలము నిలిచిన యేర్పాటులలో కాపలాదారులు ఆ వాడుకొను జనమునకే జవాబుదారులై యుందురు. తప్పునకు శిక్ష మొదట స్వల్పముగా నుండి, తప్పు మరల మరల చేసినకొలది పెరుగును. మొదటి తప్పుకే ఊరి వెలుపలకు నెట్టు సంఘమును, పదవ తప్పును కూడ చూడనట్లుండు సంఘమును రెండును చెడును.

6. చేయదగిన పనులు

మొదటిది: ఉమ్మడి పని నేదియైనను ముందు పంచి, పేరు వ్రాసి, తరువాత మొదలుపెట్టుడు. చేసినవాని పేరును సంఘపు గోడమీద అందఱు చూచునట్లు వ్రాయుడు.

రెండవది: సభలో పెద్దలు కడపట మాటలాడవలెను. చిన్న రైతును, క్రొత్త సభ్యుని, సభ్యురాండ్రను మొదట అడుగవలెను. పెద్దకాపు మాట ముందు పడినచో తక్కిన మాటలు పుట్టవు.

మూడవది: అప్పు మంజూరు, సరుకు కొనుగోలు మొదలగు విషయములందు ముందుగా చీట్లమీద అభిప్రాయములు వ్రాయించుడు. వ్రాయలేనివారు తెల్లగింజయో నల్లగింజయో కుండలో వేయవచ్చును.

నాలుగవది: ప్రతి సభకును ఒక సభ్యుని "అడ్డు చెప్పువాని"గా నియమింపుడు. నెలకొకరు మాఱుచుండవలెను. ఆ దినమున లోపములు వెదకుట ఆయన విధి గావున ఎవరికిని కోపము రాదు. సందేహముండి పలుకలేని మఱియొకనికి తోడు గొంతు దొరకును.

అయిదవది: సరుకును మాటలతో కాక పరీక్షతో ఒప్పుకొనుడు. తడిగోనెకు పెద్దకాపుయెడల మొగమోటము లేదు.

మేము చెప్పిన ఆ గ్రామమువారు మరుసటి యేడు మచ్చులోని నూఱు గింజలను సంఘపు అరుగుమీదనే తడిగోనెలో చుట్టి, ఎనిమిదవ దినమున అందఱి యెదుట విప్పిరి. లెక్కించుటకు పిలువబడినది ఆ వితంతువే. ఆమె ఒక్కొక్క మొలకను వేలితో తాకుచు పైకి లెక్కించెను. పెద్దకాపు నిలుచుండి వినెను. ఆ యేడు విత్తనము మొలచినది. ఆమె కొడుకు చదువు మాత్రము మరల మొలవలేదు.

సభలలో చర్చించుకొనదగిన ప్రశ్నలు

1. మన సంఘపు పనులలో "అందఱిది" యని చెప్పబడి ఎవరును చేయనివి ఏవి? వానిని పేరు పేరున పంచుట ఎట్లు?

2. గడచిన సంవత్సరమున సభలో ఊరకుండి, ఇంటికి పోయిన తరువాత మీరు పలికిన మాట ఏది? అది సభలో పలికియున్నచో ఏమి జరిగియుండును?

3. మన యూర ఇరుపక్షములకును అవసరమై, ఒక పక్షమునకు సాధ్యముగాని పని ఏది?

4. బాకీ చెల్లింపని సభ్యునియెడల మొదటిసారి, రెండవసారి, మూడవసారి ఏమి చేయవలెను? దానిని ముందుగానే వ్రాసికొంటిమా?

ఈ ప్రశ్నలను ఒకరు చదువగా తక్కినవారు తలయూపి లేచిపోవలదు. ఒక్కొక్కరుగా జవాబు చెప్పుడు, చిన్నవారినుండి మొదలుపెట్టుడు.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు